మూడేళ్ల పెట్టకు కడుపులో నీరు మళ్లీ చేరింది. ఇంకా వైద్యం చేయించాలా, బాధ లేకుండా పంపేయాలా?

కరకంబాడి_పెరడు:

అందరికీ నమస్కారం. మాది తిరుపతి, కరకంబాడి వైపు. ఇంటి వెనక నాలుగు పెట్టలు, ఒక పుంజు ఉన్నాయి. కోసుకోవడానికి పెంచేవి కావు. వాటిలో పెద్ద పెట్టకు మూడేళ్లు దాటాయి, దాని గురించే ఈ ప్రశ్న.

చలికాలంలో తోలుగుడ్లు (గట్టి పెంకు లేని మెత్తటి గుడ్లు) పెట్టింది, ఆ తర్వాత గుడ్లు పూర్తిగా ఆగిపోయాయి. కొన్నాళ్లకు కాళ్ల మధ్య కడుపు నీళ్లు నింపిన బెలూన్ లాగా కిందికి దిగింది. వెనక్కి వాలి, కాళ్లు ఎడంగా పెట్టి నిలబడుతోంది. ఆస్పత్రికి తీసుకెళ్తే డాక్టరుగారు సూదితో నీరు తీశారు. పచ్చగా, కొంచెం చిక్కగా వచ్చింది. గుడ్డు పచ్చసొన గర్భసంచిలోకి పోకుండా కడుపులో పడి లోపల వాచిందని, వెనక గడ్డ కూడా ఉండొచ్చని చెప్పారు. యాంటీబయాటిక్, నొప్పి మందు రాశారు. నీరు తీశాక బాగా తిరిగింది, మట్టిలో పొర్లింది కూడా. ఇప్పుడు మళ్లీ అంత నీరూ చేరింది.

కాటా మీద పెడితే 1.6 కిలోలు చూపిస్తోంది. రొమ్ము ఎముక అంచు మాత్రం చేతికి గుచ్చుకుంటోంది. అంటే కండ పోయి నీటి బరువే మిగిలిందని అర్థమవుతోంది. నూకలు వేస్తే అన్నిటితో పాటు వస్తుంది, నాలుగు గింజలు పొడిచి ఆగిపోతుంది. పుచ్చకాయ ముక్క పెడితే తింటుంది. మధ్యాహ్నం నోరు తెరిచి ఆయాసపడుతోంది. రాత్రి దండెం ఎక్కలేక కిందే కూర్చుంటోంది.

మా అత్తయ్య గంగమ్మకు మొక్కు చెల్లించేద్దాం అంటున్నారు. పక్కింటివాళ్లు ప్రాణం ఉండగానే కోసుకోమంటున్నారు. నాకు రెండూ మనసొప్పడం లేదు. కుక్కలకు చేసినట్టు కోడికి కూడా ఇంజెక్షన్ ఇచ్చి పంపుతారా? తిరుపతిలో అడిగితే నవ్వుతారేమోనని వెనకాడుతున్నా. అన్నిటికన్నా ముఖ్యంగా, అది ఇంకా మేత దగ్గరికి వస్తుంటే ఇప్పుడే నిర్ణయం తీసుకోవడం తొందరపాటా? తెలిసినవాళ్లు చెప్పండి.

పూతలపట్టు_కోళ్లు:

అక్కా, మేత దగ్గరికి రావడాన్ని బట్టి కోడి బాగుందని లెక్కేయకూడదు. మందలో ఒకటి నీరసంగా కనబడితే మిగతావి దాన్ని పొడిచి తరుముతాయి. అందుకే రోగంలో ఉన్న పెట్ట కూడా చివరిదాకా అందరితో పాటు పరిగెత్తుకొచ్చి నేల పొడుస్తూనే ఉంటుంది. ముక్కు ఆడుతుంది, గింజ లోపలికి పోదు. నిజంగా తిన్నదో లేదో తెలియాలంటే మెడ కింద కుడివైపు మేత సంచి తడిమి చూడాలి. పొద్దుగూకి గూట్లో చేరాక ఒకసారి, తెల్లారి మేత వేయకముందు ఒకసారి. ఆరోగ్యంగా ఉన్న పెట్టకు రాత్రి నిండుగా, గట్టిగా ఉంటుంది, తెల్లారేసరికి ఖాళీ అయిపోతుంది. రాత్రే ఖాళీగా ఉంటే పగలంతా తిన్నట్టు కనబడిందే తప్ప తినలేదు. తెల్లారి కూడా నిండుగా, మెత్తగా ఉండి పుల్లటి వాసన వస్తుంటే తిన్నది కిందికి దిగడం లేదు. ఈ రెండింట్లో ఏది ఉన్నా పుచ్చకాయ తింటోందన్న మాటకు పెద్ద విలువ ఇవ్వొద్దు. పుచ్చకాయ ఎక్కువగా నీరే, దప్పికకు తింటుంది.

రెండో సంగతి, బరువు. మీరు పట్టుకున్నది సరైనదే. కడుపులో నీరున్న కోడికి కాటా అబద్ధం చెబుతుంది, రొమ్ము ఎముక చెప్పదు. అరచేతిని రొమ్ము మీద అడ్డంగా ఆనించి చూడండి. ఎముకకు రెండు పక్కలా కండ గుండ్రంగా నిండి ఉంటే బాగున్నట్టు. కండ లోపలికి గుంట పడి ఎముక అంచు మాత్రమే తగిలితే శరీరం తన కండను తానే తినేస్తోందని అర్థం. నీరు తీసినప్పుడల్లా ఆ నీటితో పాటు మాంసకృత్తులు కూడా పోతాయి, అందుకే మళ్లీ మళ్లీ తీయిస్తే ఇంకా త్వరగా చిక్కుతుంది.

ఇప్పుడు అసలు విషయం, ఊపిరి. మనకు పొట్టకూ ఊపిరితిత్తులకూ మధ్య అడ్డుపొర ఉంటుంది. కోడికి అలాంటిది లేదు. దాని గాలి సంచులు కడుపు దాకా పరుచుకుని ఉంటాయి, రొమ్మూ పొట్టా కదిలితేనే గాలి ఆడుతుంది. కడుపులో నీరు నిండితే ఆ సంచులు నలిగిపోతాయి. పైగా కోడికి చెమట పట్టదు. ముఖ్యంగా నోరు తెరిచి రొప్పడం వల్లే ఒళ్లు చల్లబడుతుంది. దాని ఒంటి వేడి మామూలుగానే 41 నుంచి 42 డిగ్రీలు. మన దగ్గర మే నెల మధ్యాహ్నం 40 దాటినప్పుడు మామూలు కోళ్లే రెక్కలు విడదీసి రొప్పుతాయి. కడుపులో నీరున్న పెట్టకు రొప్పడానికి కూడా చోటుండదు. అందుకే ఈ జబ్బులో చాలా పెట్టలు నిద్రలో నెమ్మదిగా పోవు, ఎండవేళ ఊపిరాడక పోతాయి. మీ నిర్ణయంలో అన్నిటికన్నా ఎక్కువ బరువు దీనికే ఇవ్వాలి.

చూడాల్సిన వేళ తెల్లవారుజాము, చల్లగా ఉన్నప్పుడు. ఎండలో నోరు తెరిస్తే అది వేడికా జబ్బుకా చెప్పలేం. తెల్లారి కదలకుండా కూర్చున్నప్పుడు కూడా నోరు తెరిచి ఉంటే, ఒక్కో ఊపిరికి తోక పైకీ కిందికీ ఊగుతుంటే, తురాయి కొసలు ఊదారంగుకు తిరిగితే ఆలస్యం చేయొద్దు. ఆ రోజే వెళ్లాలి.

ఆ స్థితి ఇంకా రాకపోతే క్యాలెండరులో రోజూ ఐదు గుర్తులు పెట్టండి. రాత్రి మేత సంచి నిండిందా, తనంతట తాను లేచి నీళ్ల దగ్గరికి వెళ్లిందా, తెల్లారి ఊపిరి నిమ్మళంగా ఉందా, ఈకలు ముక్కుతో దువ్వుకోవడమో మట్టిలో పొర్లడమో చేసిందా, మిగతావాటి దగ్గరే కూర్చుందా లేక మూల చేరి కళ్లు సగం మూసి ఈకలు ఉబ్బించుకుని ఉందా. వరుసగా రెండు రోజులు మూడింటికి కాదు అనే జవాబు వస్తే డాక్టరుకు ఫోన్ చేయాలి. ఈ లెక్క నేను పెట్టుకున్నదే, మీ డాక్టరుగారు ఇంకోలా చెబితే అలాగే చేయండి. కానీ ఏదో ఒక గీత ముందే గీసి, ఇంట్లో వాళ్లందరికీ చెప్పి ఉంచండి. గీత లేకపోతే ప్రతి పొద్దునా "ఈరోజు కొంచెం నయం" అనిపిస్తుంది.

ఇంకోసారి నీరు తీయించడం తప్పు కాదు. అయితే తీసిన తర్వాత ఎన్ని రోజులు హాయిగా ఉందో చూడాలి. మొదటిసారి వారాలు నడిచి రెండోసారి రోజుల్లోనే నిండితే అక్కడితో ఆపండి. ఇంట్లో ఎవరైనా సూదితో తీస్తామంటే మాత్రం ఒప్పుకోవద్దు. పేగుకో కాలేయానికో గుచ్చుకుంటుంది, నీరంతా ఒక్కసారిగా పోతే రక్తపోటు పడిపోయి చేతిలోనే పోతుంది. డాక్టర్లు కూడా మొత్తం ఖాళీ చేయరు, ఊపిరి తేలికయ్యేదాకా తీసి ఆపుతారు.

పుత్తూరు_పెట్టలు:

మొక్కు గురించి, కోసుకోవడం గురించి ఎవరో ఒకరు చెప్పాలి కదా.

జాతరకు ఇచ్చే కోడి తాతయ్యగుంట గంగమ్మ గుడి దాకా కాళ్లు కట్టించుకుని, ఎండలో, జనంలో, డప్పుల మధ్య గంటల తరబడి ఉండాలి. ఊపిరాడని పెట్టకు ఆ ప్రయాణమే పెద్ద శిక్ష. పైగా మొక్కు కోడి ఆరోగ్యంగా, ఏ లోపమూ లేకుండా ఉండాలనేది మన పెద్దవాళ్లు పెట్టుకున్న నియమమే. అత్తయ్యగారికి ఆ మాటే చెప్పండి, కాదనరు. కావాలంటే ఆ పేరుతో సారె, పసుపు కుంకుమ, పొంగలి సమర్పించుకోవచ్చు.

కోసుకుని తినడం అసలు వద్దు. కడుపులో ఉన్నది పచ్చసొన కుళ్లిన నీరు, అందులో ఈ.కోలై లాంటి సూక్ష్మజీవులు ఉండొచ్చు. యాంటీబయాటిక్, నొప్పి మందు వాడారు కాబట్టి మాంసంలో మందు మిగిలి ఉంటుంది. ఇంజెక్షన్‌తో పంపిన కోడినైతే మనుషులే కాదు, కుక్కకు కూడా వేయకూడదు. మందులు వాడుతున్నప్పుడు అనుకోకుండా గుడ్డు పెట్టినా అదీ పనికిరాదు, పూడ్చేయండి.

చంద్రగిరి_పశువైద్యం:

కోడికి యూథనేషియా, అంటే బాధ లేకుండా పంపడం, అడగడానికి సంకోచించాల్సిన పనే లేదండీ. పశువైద్యుల చదువులో అది భాగమే. తిరుపతిలో పశువైద్య కళాశాల 1955 నుంచి ఉంది, 2005లో శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం దాని చుట్టూనే ఏర్పడింది. అక్కడి చికిత్సాలయానికి కోళ్లు, పక్షులు కూడా వస్తాయి. దూరం వెళ్లలేనివాళ్లు దగ్గర్లోని పశువుల ఆస్పత్రిలో గానీ, రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుల ద్వారా గానీ డాక్టరును అడగొచ్చు. సంచార పశువైద్య వాహనం కోసం 1962కు ఫోన్ చేసి కేసు చెప్పి చూడొచ్చు. వెళ్లేముందు ఫోన్ చేసి "పెంపుడు కోడి, కడుపులో నీరు, బాధ లేకుండా పంపాలని అనుకుంటున్నాం, మత్తు మందు ఉందా" అని సూటిగా అడగండి. అన్ని ఆస్పత్రుల్లో ఆ మందులు ఎప్పుడూ ఉండవు, తీరా వెళ్లాక లేవంటే ఆ పెట్టను ఎండలో రెండుసార్లు తిప్పినట్టవుతుంది.

పద్ధతి సరిగ్గా జరిగితే ఇలా ఉంటుంది. ముందు రొమ్ము కండలో మత్తు ఇంజెక్షన్. ఐదు నుంచి పది నిమిషాల్లో తల వాలుతుంది, రెప్ప తాకినా కదలదు. ఆ తర్వాత రెక్క కింది రక్తనాళంలోకి మత్తు మందు ఎక్కువ మోతాదులో ఎక్కిస్తారు. కొన్ని సెకన్లలో ఊపిరి ఆగుతుంది, గుండె ఇంకాసేపు కొట్టుకోవచ్చు. స్టెతస్కోపుతో గుండె ఆగిందని నిర్ధారించుకున్నాకే మీ చేతికి ఇవ్వాలి. మీరు అడగాల్సిన ఒకే ఒక్క ప్రశ్న, "ముందు మత్తు ఇస్తారు కదా" అని. స్పృహలో ఉన్న కోడికి నేరుగా గుండెలోకో కడుపులోకో సూది వేయడం, మత్తు లేకుండా పొటాషియం క్లోరైడ్ ఎక్కించడం సరైన పద్ధతులు కావు. కడుపులో నీరున్నప్పుడు అక్కడ వేసిన మందు ఆ నీటిలో కలిసి పలచబడి పనిచేయడం ఆలస్యమవుతుంది, ఇదీ గుర్తుంచుకోండి.

పక్కన ఉండేవాళ్లు ముందే తెలుసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. ప్రాణం పోయాక కూడా రెక్కలు ఒకటి రెండుసార్లు కొట్టుకోవచ్చు, కళ్లు తెరిచే ఉండొచ్చు. అది వెన్నుపాము చేసే పని, నొప్పి కాదు. పిల్లలు ఉంటే ముందే చెప్పండి.

మెడ విరవడం గురించి కూడా చాలామంది అడుగుతారు. మూడు కిలోల లోపు కోడికి, నేర్చిన చేయి చేస్తే అది కూడా ఆమోదించిన పద్ధతే, క్షణాల్లో అయిపోతుంది. కానీ విడిపోవాల్సింది తల వెనక, మెడ మొదలయ్యే మొట్టమొదటి కీలు దగ్గర. తెలియనివాళ్లు మెడ మధ్యలో మెలితిప్పుతారు. అక్కడ ఎముక నలుగుతుంది, శ్వాసనాళం నొక్కుకుపోతుంది, స్పృహ మాత్రం అలాగే ఉంటుంది. కాబట్టి నేర్చుకోవాలంటే చనిపోయిన కోడి మీద, చేతనైనవాళ్ల పక్కన నేర్చుకోవాలి, మొదటిసారి మీ పెంపుడు పెట్ట మీద కాదు. నీళ్లలో ముంచడం, సంచిలో కట్టి ఊపిరాడకుండా చేయడం, ఫ్రిజ్‌లో పెట్టడం, వెనిగర్ వంటసోడా కలిపి గ్యాస్ తయారుచేయడం, క్లోరోఫామ్ దూది పెట్టడం, ఎలుకల మందు కలపడం ఇవన్నీ ఎక్కువసేపు బాధపెట్టేవే. వీటిలో ఏదీ వద్దు.

నొప్పి మందు గురించి ఒక మాట. మీకు రాసింది మెలాక్సికామ్ అయి ఉంటుంది. కోడి శరీరం దాన్ని చాలా త్వరగా బయటికి పంపేస్తుంది, అందుకే కుక్కకు ఇచ్చినట్టు రోజుకు ఒకసారి సరిపోదు. మామూలుగా కిలోకు 1 మిల్లీగ్రాము దాకా, రోజుకు రెండుసార్లు వాడతారు. మార్కెట్లో మిల్లీలీటరుకు 1.5 మిల్లీగ్రాములు, 5 మిల్లీగ్రాములు, ఇలా వేర్వేరు బలాల్లో దొరుకుతుంది, చీటీలో ఎన్ని మిల్లీలీటర్లు రాశారో అది ఏ సీసాకు రాశారో సరిచూసుకోండి. ఒకదాని లెక్కతో ఇంకోటి పోస్తే మూడు రెట్లు దాటిపోతుంది. కోడి బరువు లెక్కలో నీటి బరువు కలపొద్దని కూడా డాక్టరుకు గుర్తుచేయండి. ఇంట్లో ఉన్న డైక్లోఫెనాక్ మాత్ర అరగదీసి మాత్రం వేయొద్దు. అది పక్షుల మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. దాని వల్లే రాబందులు అంతరించే స్థితికి వచ్చాయి, 2006లో పశువులకు వాడకుండా నిషేధించారు.

కరకంబాడి_పెరడు:

అందరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి మేత సంచి తడిమి చూశా, దాదాపు ఖాళీగా ఉంది. తెల్లారి ఊపిరి మాత్రం నిమ్మళంగానే ఉంది, తోక ఊగడం లేదు. డాక్టరుగారితో మాట్లాడా, మందు తెప్పించి కబురు చేస్తానన్నారు. అప్పటిదాకా ఇంట్లో ఎలా ఉంచాలి? చేత్తో తినిపించవచ్చా? మావారు మాత్రం ఇంజెక్షన్ ఎందుకు, ఇంట్లోనే దానంతట అది పోనిద్దాం అంటున్నారు. అదీ ఒక దారేనా?

పుత్తూరు_పెట్టలు:

మీవారి మాట పూర్తిగా తప్పని నేననను. ముసలితనంతో నీరసించి, తినడం తగ్గించి, నొప్పి లేకుండా రోజుల్లో పోయే పెట్టలు ఉంటాయి. వాటికి నీడ, నీళ్లు, నిశ్శబ్దం చాలు. పై దవడా కింది దవడా కలవక తినలేనివి, కొక్కెర తెగులు (రాణిఖేత్ జబ్బు) నుంచి బతికి మెడ తిరిగిపోయినవి కూడా చేత్తో పెడితే నెలల తరబడి హాయిగా ఉంటాయి, వాటిని తొందరపడి పంపకూడదు. కానీ ఊపిరి మీదికి వచ్చిన జబ్బును దానంతట అది పోనివ్వడం అంటే ఊపిరాడక పోనివ్వడమే. మీ పెట్ట ఈ రెండో రకం. నా ఓటు డాక్టరుకే.

అప్పటిదాకా చేయాల్సినవి చెబుతా. గంప కింద మూయొద్దు, గాలి ఆడదు. వెడల్పాటి అట్టపెట్టో, మూడు పక్కలా జాలీ ఉన్న పంజరమో తీసుకుని మిగతా కోళ్లకు కనబడేలా, పొడవకుండా పెట్టండి. పూర్తిగా ఒంటరిగా గదిలో పెడితే ఇంకా బెదిరి మేత ముట్టదు. అడుగున రెండు అంగుళాల మందం వరిపొట్టు, పైన పాత నూలు గుడ్డ. దండెం తీసేయండి. కాలు జారి కడుపు మీద పడితే లోపల చిట్లుతుంది. మేత, నీళ్లు దాని రొమ్ము ఎత్తులో, కూర్చున్న చోటి నుంచి అందేలా పెట్టండి. పగలు పదకొండు నుంచి నాలుగు దాకా తడిపిన గోనెపట్టా పక్కన వేలాడదీసి, ఫ్యాన్ గాలి నేరుగా కొట్టకుండా పక్కనుంచి పోయేలా తిప్పండి. కాళ్లను చల్లటి, ఐసు వేయని నీళ్లలో కాసేపు ఉంచితే వేడి దిగుతుంది. ఒంటినంతా తడపొద్దు.

ఎత్తుకునేటప్పుడు రెండు చేతులతో రొమ్ము కింద ఆనించి నిటారుగా ఎత్తండి. వెల్లకిలా అస్సలు తిప్పొద్దు, పొట్టను చంకకేసి నొక్కొద్దు. నీరంతా గాలి సంచుల మీదికి వచ్చి నిమిషాల్లో ప్రాణం పోవచ్చు. ముడ్డి చూడాలన్నా, కడగాలన్నా నిలబెట్టే చేయాలి.

ముడ్డి శుభ్రం చాలా ముఖ్యం. ఈ కాలంలో రెట్ట అంటుకున్న ఈకల మీద ఈగ వాలితే ఒక్క రోజులో పురుగులు పుడతాయి, అవి చర్మం తొలుచుకుని లోపలికి పోతాయి. పొద్దునా సాయంత్రం గోరువెచ్చని నీళ్లలో గుడ్డ ముంచి తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టండి. చుట్టూ ఉన్న ఈకలు కత్తెరతో కురచగా కత్తిరించండి. రక్తం నిండిన కొత్త ఈక మొదలు మాత్రం కోయొద్దు. పురుగులు కనబడితే పట్టకారుతో తీయించాలి. మనవాళ్లు టర్పెంటైన్ పోస్తారు, పచ్చి పుండు మీద అది మంట పుట్టిస్తుంది. ఈ దశలో ఉన్న పెట్టకు పురుగులు పడ్డాయంటే డాక్టరు కబురు కోసం ఆగకుండా మీరే వెళ్లాలి.

తినిపించడం గురించి. తనంతట తాను తినేదే పెట్టండి. ఉడికిన గుడ్డు చిదిమి, ఉప్పు వేయని రాగి సంగటి పలచగా కలిపి, బొప్పాయి సన్నగా తరిగి, కొద్దికొద్దిగా ఎక్కువసార్లు. సిరంజితో గొంతులో పోయడం వద్దు. కోడి నాలుక వెనకే శ్వాసనాళం రంధ్రం తెరుచుకుని ఉంటుంది, నోట్లో ఒక్కసారిగా పోసింది నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నీళ్లు తాగించాల్సి వస్తే ముక్కు పక్కన ఒక్కో చుక్క వేసి, అది మింగాక ఇంకో చుక్క. పెట్టకు రోజుకు కిలోకు సుమారు 50 మిల్లీలీటర్ల నీళ్లు కావాలి, పుచ్చకాయ, పలచటి సంగటి అందులోకే లెక్క. నీరసంగా ఉందని ఓఆర్‌ఎస్ రోజూ పోస్తారు కొందరు. కడుపులో నీరు చేరే కోడికి అందులోని ఉప్పు మంచిది కాదు.

నొప్పి మందు ఆపొద్దు. "ఎలాగూ పోయేదే కదా" అని చాలామంది ఇక్కడే ఆపేస్తారు. అసలు అవసరం ఇప్పుడే.

పూతలపట్టు_కోళ్లు:

దీనికి ఒకటి కలుపుతా. ఆస్పత్రికి తీసుకెళ్లే రోజు పొద్దున్నే, ఎండ ముదరక ముందే బయల్దేరండి. అట్టపెట్టెకు నాలుగు పక్కలా పైవైపు రంధ్రాలు పెట్టి, అడుగున మడిచిన గుడ్డ వేసి, అది నిటారుగా కూర్చునేంత చోటు ఉంచండి. కాళ్లు కట్టి బండి హ్యాండిల్‌కు తలకిందులుగా వేలాడదీయడం మామూలు కోడికే బాధ, ఈ పెట్టకు దారిలోనే ప్రాణం పోతుంది. ఆటోలో ఒకరు పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చోండి. ముందురోజు రాత్రి తనకిష్టమైన మేత పెట్టడంలో తప్పు లేదు, మత్తు ఇచ్చేముందు ఎప్పుడు తిన్నదో డాక్టరుకు చెబితే చాలు.

చంద్రగిరి_పశువైద్యం:

తర్వాత చేయాల్సినవి కూడా ఇప్పుడే అనుకుని ఉంచండి, ఆ రోజు ఆలోచించే ఓపిక ఉండదు.

మత్తు మందుతో పోయిన కోడి శరీరంలో ఆ మందు చాలాకాలం చెడకుండా ఉంటుంది. కుక్కో, పిల్లో, గద్దో తింటే అవీ పోతాయి. చెత్తబండిలో వేయొద్దు, చెరువు గట్టున పారేయొద్దు. కనీసం మూడు అడుగుల లోతు గుంత, బావికీ బోరుకూ దూరంగా, వాననీళ్లు నిలవని మెట్టలో. మన నేలలో రెండడుగులకే రాయి తగిలే చోట్లు ఎక్కువ, కాబట్టి ముందురోజే తవ్వించి చూసుకోండి. పైన మట్టి గట్టిగా తొక్కి బండరాయి పెడితే వీధికుక్కలు తవ్వవు. ప్లాస్టిక్ కవరులో కట్టి పూడ్చొద్దు, నూలు గుడ్డ చాలు. సొంత స్థలం లేనివాళ్లు మందు వాడిన సంగతి చెప్పి ఆస్పత్రిలోనే పూడ్పించమని అడగొచ్చు.

గడ్డ ఉందో లేదో, మిగతా పెట్టలకు ప్రమాదం ఉందో లేదో తెలుసుకోవాలనిపిస్తే కళాశాలలోని పాథాలజీ విభాగంలో శవపరీక్ష గురించి అడగండి. ఎంత త్వరగా తీసుకెళ్తే అంత మంచిది. వెంటనే కుదరకపోతే ఈకలు ఒకసారి చల్లటి నీళ్లతో తడిపి చల్లబరిచి, రెండు కవర్లలో చుట్టి ఐసు మధ్య ఉంచండి. డీప్ ఫ్రీజర్‌లో గడ్డకట్టిస్తే కణాలు చిట్లి సూక్ష్మదర్శినిలో చూడ్డానికి పనికిరావు. ఇంట్లో కోసి చూడొద్దు. ఒకవేళ ఇది పచ్చసొన జబ్బు కాకుండా, ఒకటి రెండు రోజుల్లో మిగతావి కూడా తలలు వాల్చి, తురాయిలు నల్లబడి పోవడం మొదలైతే ఏ కోడినీ ముట్టుకోకుండా పశుసంవర్ధక శాఖకు చెప్పండి. 2024 ఫిబ్రవరిలో పక్కనే నెల్లూరు జిల్లాలో బర్డ్ ఫ్లూ తేలింది, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో. మీ పెట్ట లక్షణాలు అవి కావు, భయపడాల్సిన పని లేదు.

పచ్చసొన కడుపులో పడటం ఒకదాని నుంచి ఇంకోదానికి అంటే జబ్బు కాదు. కానీ తోలుగుడ్లు అనేది మిగతా పెట్టల విషయంలో పట్టించుకోవాల్సిన గుర్తు. నూకలు, అన్నం మీదే పెరిగే పెట్టలకు సున్నం సరిపోదు. గుడ్లు పెట్టే పెట్టకు మేతలో మూడున్నర నుంచి నాలుగు శాతం కాల్షియం కావాలి, నూకల్లో అది దాదాపు ఉండదు. సగం లేయర్ దాణా (గుడ్లు పెట్టే కోళ్ల కోసం అమ్మే మేత) కలపండి. ఆలిచిప్పల పొడి గానీ, కడిగి ఎండబెట్టి గరుగ్గా నలిపిన గుడ్డు పెంకులు గానీ వేరే మూకుడులో పెట్టండి. మేతలో కలపొద్దు, పుంజుకు అంత సున్నం అక్కర్లేదు, మూత్రపిండాలు పాడవుతాయి. విడిగా పెడితే ఏ పెట్టకు ఎంత కావాలో అదే తింటుంది. మిగిలిన మూడింటిలో ఏదైనా తోలుగుడ్డు పెట్టి, వెనక్కి వాలి నిలబడి, కడుపు దిగడం మొదలైతే నీరు నిండేదాకా ఆగకుండా ఆ వారమే తీసుకురండి. మొదట్లో పట్టుకుంటే యాంటీబయాటిక్‌కు లొంగేవి ఉంటాయి. రోజుకు ఎనిమిది గంటల వెలుతురులోనే ఉంచితే గుడ్డు పెట్టడం ఆగి, కొత్త పచ్చసొన కడుపులో పడటం కూడా ఆగుతుంది. ఇదే పెట్టకు మొదటిసారి నీరు తీసినప్పుడు గడ్డ లేదని తేలి ఉంటే నేను ముందు అదే చేయమని ఉండేవాడిని.